ధర్మాసుపత్రి నుండి పొరుగుసేవల వరకు: ప్రజాసేవల తెలుగు పరిభాషలో ప్రభుత్వ, ప్రైవేటు పాత్రలు – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

వైద్యం, అత్యవసర రవాణా, ధ్రువపత్రాల జారీ వంటి ప్రజాసేవలలో ప్రభుత్వం చేయవలసినదేమిటి, ప్రైవేటు సంస్థలకు అప్పగించదగినదేమిటి అన్న చర్చ ప్రధానంగా అర్థశాస్త్ర, పాలనాశాస్త్రాల పరిధిలో సాగుతున్నది. ఆ సేవలను తెలుగువారు ఏ మాటలతో వ్యవహరిస్తున్నారు, ఆ మాటలు ఎవరి పాత్రను చూపుతున్నాయి, ఎవరి పాత్రను మరుగుపరుస్తున్నాయి అన్న ప్రశ్నలు భాషా సాహిత్య విద్యార్థులు అడగవలసినవి. 'ధర్మాసుపత్రి', 'ఉచితం', 'సేవ', 'ఆరోగ్యశ్రీ', 'పొరుగుసేవలు', 'భాగస్వామ్యం' మొదలైన పదాలను ఈ వ్యాసం ఆ దృష్టితో పరిశీలిస్తుంది. సేవకు డబ్బు చెల్లించేవారు, సేవ చేసేవారు, సేవ అందనప్పుడు జవాబు చెప్పవలసినవారు ఒకప్పుడు ఒక్కరే. నేడు ఆ ముగ్గురూ వేరయ్యారు. ఈ వేర్పాటును చెప్పగల మాటలు మన వ్యవహారంలో స్థిరపడలేదనీ, ఆ లోటు వల్ల నష్టపోతున్నది సేవ కోసం వచ్చిన సామాన్యుడేననీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ప్రజాసేవలు, పరిభాష, అర్థపరిణామం, ధర్మాసుపత్రి, ఆరోగ్యశ్రీ, 108, పొరుగుసేవలు, జవాబుదారీతనం.

1. ఉపోద్ఘాతం

ఊరికి వచ్చిన సదుపాయం ఎవరి బతుకును మార్చింది అన్న ప్రశ్న తెలుగు సాహిత్యానికి కొత్తది కాదు. కాళీపట్నం రామారావు 'యజ్ఞం' కథలో సుందరపాలెం అనే ఊరు అభివృద్ధి చెందుతుంది. రోడ్డు, బడి వంటి సదుపాయాలు వస్తాయి. పంచాయితీ పెద్ద శ్రీరాములునాయుడు ఆ మార్పుకు కర్త. అదే ఊరిలో అప్పల్రాముడి అప్పు మాత్రం తీరక, పెరుగుతూ పోతుంది. ఊరు బాగుపడిందన్న వాక్యానికీ, అప్పల్రాముడు చితికిపోయాడన్న వాక్యానికీ ఉన్న సంబంధాన్ని ఆ కథ నిలదీసింది. ఆ కథపై వచ్చిన విమర్శ భూస్వామ్యాన్ని, అప్పును, న్యాయాన్ని విస్తృతంగా చర్చించింది. 'సదుపాయం' అన్న మాట మీద కూడా అంతటి శ్రద్ధ అవసరమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

సేవలను గురించిన మాటలు సేవల స్వభావాన్ని కొంతవరకు నిర్ణయిస్తాయి. ఒక ఆసుపత్రిని ధర్మాసుపత్రి అన్నప్పుడు అక్కడికి వెళ్ళేవాడు యాచకుడవుతాడు. సర్వజనాసుపత్రి అన్నప్పుడు యజమాని కాగలడు. వైద్యం మారకపోయినా అడిగే గొంతు మారుతుంది. ఈ పరిశీలనకు ప్రధానంగా వైద్యరంగాన్ని, తోడుగా ధ్రువపత్రాలు, గ్రామస్థాయి సేవలకు సంబంధించిన పదాలను ఎంచుకోవడం జరిగింది. పత్రికల భాష, పథకాల అధికారిక నామాలు, జనవ్యవహారం ఇందుకు ఆధారాలు. ఏ ప్రభుత్వ విధానం మేలైనదో తేల్చడం ఈ వ్యాస ఉద్దేశ్యం కాదు. ప్రతి పదం వద్దా మూడు ప్రశ్నలు వేసుకోవడమే ఇందులోని పద్ధతి: ఎవరు చెల్లిస్తున్నారు? ఎవరు చేస్తున్నారు? ఎవరు జవాబు చెబుతారు?

2. ధర్మాసుపత్రి, సర్కారు దవాఖానా, సర్వజనాసుపత్రి

కోస్తా ప్రాంతంలో పాతతరం వారు ప్రభుత్వ వైద్యశాలను 'ధర్మాసుపత్రి' అనేవారు. జిల్లా కేంద్రంలోనిది 'పెద్దాసుపత్రి'. 'ఆసుపత్రి' పాశ్చాత్య భాషల నుండి వచ్చి తెలుగు ఉచ్చారణలో కలిసిపోయిన మాట. దాని ముందు చేరిన 'ధర్మం' సత్రాలకు, చలివేంద్రాలకు వర్తించే భావాన్ని ఆసుపత్రికి అంటగట్టింది. ధర్మసత్రంలో పెట్టిన అన్నం బాగాలేదని అతిథి తగవు పడలేడు. ధర్మాసుపత్రిలో మందు లేదంటే రోగి మారుమాట్లాడకుండా తిరిగిరావడానికి ఈ భావన కూడా ఒక కారణం. పన్నుల సొమ్ముతో నడిచే సంస్థ దాతృత్వపు పేరుతో స్థిరపడడం వలన, ఇచ్చేవాడు దాతగా, తీసుకునేవాడు గ్రహీతగా మిగిలారు.

తెలంగాణలో వ్యవహారం వేరు. 'సర్కారు దవాఖానా'లోని రెండు మాటలూ ఉర్దూ ద్వారా తెలుగులోకి వచ్చినవి. దవా అంటే మందు, ఖానా అంటే ఇల్లు లేదా చోటు. ఇందులో ధర్మప్రసక్తి లేదు. ఎవరిది అన్న ప్రశ్నకు సర్కారుది అన్న జవాబు పేరులోనే ఉంది. 2018లో హైదరాబాదులో మొదలైన 'బస్తీ దవాఖానా'లు, ఆ తరువాత వచ్చిన 'పల్లె దవాఖానా'లు ఈ జనవ్యవహార పదాన్ని అధికారిక నామంగా స్వీకరించాయి. అదే కాలంలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలలో ఏర్పడినవి 'విలేజ్ క్లినిక్'లు. ఒకచోట జనం మాట ప్రభుత్వ బోర్డు మీదికి ఎక్కగా, మరొకచోట ప్రైవేటు వైద్యుని గదికి జనం వాడే మాట ప్రభుత్వ బోర్డు మీదికి వచ్చింది. 'క్లినిక్' అన్న మాటకు తెలుగు గ్రామాలలో శుభ్రత, తక్షణ శ్రద్ధ, ఫీజు అనే మూడు అర్థచ్ఛాయలు ఉన్నాయి. మొదటి రెండింటి కోసం ఆ పేరు పెట్టి ఉండవచ్చు. ప్రైవేటు పేరులో ఉన్న గౌరవాన్ని ప్రభుత్వమే అరువు తెచ్చుకున్నదన్నది గమనార్హం.

ఈ వరుసలో అన్నింటికన్నా ఆలోచింపజేసేది 'సర్వజనాసుపత్రి'. ఆంగ్లంలోని 'జనరల్ హాస్పిటల్'కు ఇది అనువాదం. 'జనరల్'కు మనం సాధారణంగా వాడే మాట 'సాధారణ'. 'సాధారణ ఆసుపత్రి' అని ఉంటే నాణ్యత గురించిన సందేహం పేరులోనే ధ్వనించేది. పేరు తెలియని ఆ అనువాదకుడు 'సర్వజన' అన్నాడు. అన్ని రోగాలకూ చికిత్స చేసే చోటు అన్న మూలార్థాన్ని దాటి, అందరిదీ అయిన చోటు అన్న అర్థాన్ని ఆ మాట ఇచ్చింది. మూలాన్ని మించిన అనువాదమిది. అయితే ఈ పేరు పత్రికలలో, బోర్డుల మీద నిలిచింది గాని జనం నోట అంతగా పాతుకోలేదు. మాట్లాడేటప్పుడు చాలామందికి అది ఇప్పటికీ 'గవర్నమెంటాసుపత్రి' లేదా 'జీజీహెచ్'. సర్వజనులలో స్తోమత ఉన్నవారు అక్కడికి వెళ్ళడం మానుకోవడంతో ఆ పేరు చేసిన వాగ్దానం బోర్డుకే పరిమితమైంది.

3. 'ఉచితం': ఔచిత్యం నుండి ఉచితాల వరకు

సంస్కృతంలో 'ఉచితం' అంటే తగినది. ఉచితానుచితాలు, సముచితం, ఔచిత్యం అన్న మాటలలో ఆ అర్థమే నిలిచి ఉంది. పదకొండవ శతాబ్దికి చెందిన క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణప్రాయంగా భావించిన సంగతి అలంకారశాస్త్ర విద్యార్థులకు తెలిసినదే. అదే మాటకు తెలుగులో 'వెల లేకుండా' అన్న అర్థం కూడా స్థిరపడింది. వెల లేకపోవడాన్ని చెప్పడానికి తెలుగులో వేరే మాటలు లేకపోలేదు. 'ఊరికే ఇచ్చారు' అంటాం. 'పుణ్యానికి వచ్చింది' అంటాం. 'ఊరికే'లో విలువలేనితనం, 'పుణ్యానికి'లో దాతృత్వం ధ్వనిస్తాయి. 'ఉచితం' మాత్రం తన పాత అర్థం వల్ల మూడవ ధ్వనికి చోటిస్తుంది. వెల అడగకపోవడమే తగినది అన్నది ఆ ధ్వని. 'ఉచిత విద్య', 'ఉచిత వైద్యం' అన్న సమాసాలను ఈ అర్థంలో చదివితే అవి హక్కుకు చాలా దగ్గరగా వస్తాయి.

గత రెండు దశాబ్దాల రాజకీయ భాషలో ఈ మాట మరో మలుపు తిరిగింది. బహువచనంలో 'ఉచితాలు' అన్న నామవాచకం పుట్టింది. 'ఉచితాల సంస్కృతి', 'ఉచితాలతో సోమరితనం' వంటి ప్రయోగాలలో అది అపకర్ష పొందింది. తగినది అన్న అర్థంతో బయలుదేరిన మాట తగనిది అన్న అర్థానికి చేరుకోవడం అర్థపరిణామ చరిత్రలో అరుదైన ఉదాహరణ. దీని ఫలితం భాషకే పరిమితం కాలేదు. చంటిబిడ్డకు వేసే టీకా, ఎన్నికల ముందు పంచే వస్తువు ఒకే మాట కిందికి వచ్చాయి. ఏది పౌరునికి చెందవలసినది, ఏది పాలకుని ఔదార్యం అన్న వివేచనకు ఆ మాట ఇక తోడ్పడదు.

న్యాయస్థానాల భాషలోనూ ఈ మాటకు చిక్కు ఉంది. వైద్యాన్ని వినియోగదారుల రక్షణ చట్టం కిందికి తెస్తూ 1995లో సుప్రీంకోర్టు వి.పి. శాంత కేసులో ఇచ్చిన తీర్పు ప్రకారం, అందరికీ ఉచితంగా చికిత్స చేసే ఆసుపత్రి అందించేది ఆ చట్టం దృష్టిలో 'సేవ' కాదు. రోగి తరఫున బీమా సంస్థ చెల్లించినప్పుడు ఆ వైద్యం ఉచితం అనిపించుకోదు. అంటే అందరికీ ఉచితమైన చోట పేదరోగి వినియోగదారుడు కాడు. అయితే హక్కుదారుడా? 1996లో పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో అదే న్యాయస్థానం అత్యవసర చికిత్స అందించడం ప్రభుత్వ బాధ్యత అనీ, అది జీవించే హక్కులో భాగమనీ స్పష్టం చేసింది. ఈ రెండు తీర్పులను కలిపి చదివితే ప్రభుత్వ ఆసుపత్రి మెట్లెక్కే పౌరునికి ఒక గట్టి పేరు దొరుకుతుంది. మన వ్యవహారం ఆ పేరును ఎత్తుకోలేదు. అతణ్ణి 'లబ్ధిదారు' అనే పిలుస్తున్నది.

4. సేవ: ఎవరు, ఎవరికి?

'సేవ' తెలుగులో క్రిందివారు పైవారికి చేసేది. కొలువు, ఊడిగం అన్న తెలుగు మాటలు కూడా ఆ దిశనే సూచిస్తాయి. దేవాలయ పరిభాష ఈ విషయాన్ని స్పష్టంగా చూపుతుంది. తిరుమలలో రుసుము చెల్లించి పాల్గొనేవి 'ఆర్జిత సేవలు'. అక్కడ చెల్లించేవాడే సేవకుడు, సేవలందుకునేవాడు స్వామి. వేతనం లేకుండా యాత్రికులకు తోడ్పడే స్వచ్ఛంద కార్యకర్తలు 'శ్రీవారి సేవకులు'. వారు భక్తులకు సహాయం చేస్తున్నా, పేరు ప్రకారం ఆ సేవ స్వామికే చెందుతుంది.

ఈ మాట పాలనలోకి వచ్చిన తీరు చూడాలి. 1999 చివరలో హైదరాబాదులో ప్రయోగాత్మకంగా మొదలై, 2001 ఆగస్టులో 'ఈ-సేవ'గా విస్తరించిన కేంద్రాలలో కరెంటు, నీటి బిల్లులు కట్టుకునే వీలు ఏర్పడింది. 2011 నవంబరులో 'మీసేవ' వచ్చింది. ఒక్కో కార్యాలయం ముందు వరుసలో నిలబడి, గుమాస్తా దయకోసం ఎదురుచూసిన వారికి ఇది నిజమైన మార్పు. పేరులోనూ దిశ మారింది. పౌరుడు సేవలందుకునే స్థానానికి చేరాడు. 'మీ' అన్న గౌరవవాచకం ఆ మార్పును ప్రకటించింది. మీసేవ కేంద్రాలలో అధిక సంఖ్యాకం ప్రైవేటు నిర్వాహకులవన్న సంగతి మాత్రం ఆ పేరులో లేదు. కుల ధ్రువపత్రానికి దరఖాస్తు తీసుకునేది నిర్వాహకుడు. పరిశీలించి సంతకం చేసేది రెవెన్యూ అధికారి. పత్రం ఆలస్యమైనప్పుడు నిర్వాహకుడు 'పైన పెండింగులో ఉంది' అంటాడు. ఆ 'పైన'కు చిరునామా ఉండదు.

2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాట్సప్ ద్వారా సేవలందించేందుకు 'మన మిత్ర'ను ప్రారంభించింది. 'మీ' పోయి 'మన' వచ్చింది. 'సేవ' స్థానంలో 'మిత్ర' వచ్చింది. సౌకర్యం పెరిగిన కొద్దీ పేరు చనువుగా మారుతున్నది. విదేశీ ప్రైవేటు సంస్థకు చెందిన ఒక వేదిక ప్రభుత్వ కార్యాలయపు గుమ్మంగా మారిన సందర్భంలో, ఆ గుమ్మానికి స్నేహితుని పేరు పెట్టడం జరిగింది. స్నేహితుణ్ణి రశీదు అడగం, గడువు అడగం. పరిభాషలో చనువు పెరిగినప్పుడు నిలదీసే వీలు తగ్గే ప్రమాదం ఉందనడానికి ఇది నిదర్శనం.

ఫిర్యాదుల వేదికల పేర్లలోనూ ఈ ధోరణి కనబడుతుంది. 'అర్జీ' పెట్టుకునేవాడు 'అర్జీదారు'. ఆ వేదికలకు 'ప్రజావాణి', 'స్పందన', 'మీ కోసం' వంటి పేర్లు వచ్చాయి. 2023 డిసెంబరులో తెలంగాణలో మొదలైన 'ప్రజాదర్బారు' కొద్ది రోజులలోనే 'ప్రజావాణి'గా మారింది. దర్బారులో ప్రభువు ఉంటాడు; వాణిలో మాట్లాడే ప్రజ ఉంటుంది. ఆ మేరకు మార్పు హర్షణీయం. వాణి వినవలసిన చెవి ఎవరిదన్నది ఈ పేరులోనూ మిగిలిపోయిన ప్రశ్నే.

5. అంకె పేరైనప్పుడు: 108

2005 ఆగస్టులో హైదరాబాదు కేంద్రంగా ఒక ప్రైవేటు లాభాపేక్ష లేని సంస్థ అత్యవసర అంబులెన్సు సేవలను ప్రారంభించింది. సత్యం కంప్యూటర్స్ వ్యవస్థాపకుల చొరవతో పుట్టిన ఆ సంస్థ ఈఎంఆర్‌ఐ. తరువాత నిర్వహణ వ్యయంలో అత్యధిక భాగాన్ని రాష్ట్ర ప్రభుత్వం భరించింది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడ్డాక నిర్వహణ జీవీకే చేతికి మారింది. రాష్ట్ర విభజన అనంతరం ఆంధ్రప్రదేశ్‌లో నిర్వాహక సంస్థలు మరికొన్నిసార్లు మారాయి. ఇన్ని మార్పుల మధ్య జనం నోట నిలిచిన పేరు ఒక్కటే: 'నూటెనిమిది'. 'నూటెనిమిదికి ఫోను చెయ్యి', 'నూటెనిమిది వచ్చింది' అన్నవి ఇప్పుడు అచ్చ తెలుగు వాక్యాలు.

ఇక్కడ అంకె చేసిన మేలును గుర్తించాలి. దాతృత్వ వాచకం లేదు, నాయకుని పేరు లేదు, బంధుత్వం లేదు. ప్రమాదంలో ఉన్నవాడు ఎవరి సిఫారసూ లేకుండా అడగగలిగాడు. ప్రజాసేవ ఎలా ఉండాలో ఆ అంకె చూపింది. ప్రభుత్వం చెల్లించి ప్రైవేటు సంస్థ నిర్వహించిన ఈ ఏర్పాటును కేవలం ప్రైవేటు పాత్ర ఉన్నందుకు తప్పుపట్టడం న్యాయం కాదు. అయితే సంస్థ మారితే తెలియని ఆ అంకెకు, బండి ఆలస్యమైతే చెప్పే జవాబు కూడా లేదు. ఒప్పందంలో గడువు నిబంధనలు ఉండవచ్చు. ఫోను చేసినవానికి ఆ ఒప్పందంలో చోటు లేదు. అతడు ఒప్పందంలోని ఇరుపక్షాలలో ఎవరూ కాడు. ఒప్పందం కుదిరింది మాత్రం అతని కోసమే.

6. ఆరోగ్యశ్రీ: మూడు అకర్మక క్రియలు

2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాలలో ప్రారంభమైన రాజీవ్ ఆరోగ్యశ్రీ తెలుగు ప్రజల వైద్యచరిత్రలో ఒక మలుపు. తెల్లకార్డు ఉన్న కుటుంబం కార్పొరేటు ఆసుపత్రిలో శస్త్రచికిత్స చేయించుకోగలగడం అంతకుముందు ఊహించలేని విషయం. గుండెజబ్బు పిల్లల తల్లిదండ్రులు ముఖ్యమంత్రి సహాయనిధి కోసం నాయకుల ఇళ్ళ ముందు నిలబడే స్థితికి ఇది చాలావరకు విరుగుడైంది. విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకం ప్రభుత్వాలు మారిన కొద్దీ ఎన్‌టీఆర్ వైద్యసేవగా, వైఎస్ఆర్ ఆరోగ్యశ్రీగా, తిరిగి ఎన్‌టీఆర్ వైద్యసేవగా పేరు మార్చుకుంది. 2023 డిసెంబరులో చికిత్స పరిమితి తెలంగాణలో 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలకు పెరిగింది. పేర్లు ఎన్ని మారినా, జనం మాత్రం 'ఆరోగ్యశ్రీలో చేయించాం' అనే అంటున్నారు.

ధర్మాసుపత్రిలో చెల్లించేది, చేసేది, జవాబు చెప్పేది ప్రభుత్వమే. ఆరోగ్యశ్రీలో చెల్లించేది ప్రభుత్వ ట్రస్టు. మొదట్లో దానికీ ఆసుపత్రికీ మధ్య బీమా సంస్థ కూడా ఉండేది. ప్రైవేటు రంగంలో చికిత్స చేసేది ఒప్పందంలో చేరిన 'నెట్‌వర్క్' ఆసుపత్రి. ఆసుపత్రి ముంగిట రోగికి కనబడే మనిషి 'ఆరోగ్యమిత్ర'. అతడు ఆసుపత్రి మనిషి కాడు; చికిత్సను మంజూరు చేసే అధికారం కూడా అతనికి లేదు. ముగ్గురి మధ్య నిలబడిన ఈ మిత్రుడే రోగికి దొరికే జవాబు.

ఈ ఏర్పాటులో చిక్కు వచ్చినప్పుడు వెలువడే వాక్యాలను వ్యాకరణదృష్టితో చూడాలి. ఉభయ రాష్ట్రాలలోనూ, దాదాపు అన్ని ప్రభుత్వాల కాలంలోనూ, పత్రికలలో పునరావృతమయ్యే వార్త ఒకటుంది. ఆసుపత్రుల యాజమాన్యాలు 'బకాయిలు పేరుకుపోయాయి' అంటాయి. పత్రిక 'సేవలు నిలిచిపోయాయి' అని రాస్తుంది. ప్రభుత్వం 'నిధులు త్వరలో విడుదలవుతాయి' అంటుంది. పేరుకుపోవు, నిలిచిపోవు, విడుదలవు: మూడూ అకర్మక క్రియలే. వాటికి కర్తలుగా బకాయి, సేవ, నిధి నిలబడ్డాయి. చెల్లించనివారు, ఆపినవారు, విడుదల చేయవలసినవారు వాక్యంలో లేరు. సకర్మక క్రియలతో ఇదే సంగతి చెబితే ఇలా ఉంటుంది: ఫలానా శాఖ చెల్లించలేదు, ఫలానా ఆసుపత్రి చికిత్స ఆపింది, ఫలానా అధికారి ఫలానా తేదీకి విడుదల చేస్తారు. తెలుగు వ్యాకరణం ఈ రెండు మార్గాలకూ వీలిచ్చింది. మనం ఎంచుకున్నది మొదటిది.

ఈ వ్యాకరణం రోగి మంచం దాకా వస్తుంది. కొన్నేళ్ళ క్రితం నాన్నగారిని వెంటబెట్టుకుని ఒక ఆసుపత్రికి వెళ్ళినప్పుడు బల్ల దగ్గరి యువకుడు ఎంతో మర్యాదగా 'ఇది ప్యాకేజీలో రాదండి' అన్నాడు. ఎవరు తీసేశారని అడిగితే 'సైటులో చూపించడం లేదండి' అన్నాడు. రాకపోవడం, చూపించకపోవడం రెండూ ఎవరి ప్రమేయమూ లేకుండా జరిగిపోయాయి. భాషను బోధించే వృత్తిలో ఉండి కూడా ఆ వాక్యాలకు కర్తను వెతకడం అప్పుడు నాకు తోచలేదు. నాన్నగారు మాత్రం తిరిగివస్తూ, 'పోనీలేరా, మన అదృష్టం' అన్నారు. కర్త దొరకని వాక్యానికి సామాన్యుడు చివరకు అదృష్టాన్ని కర్తగా చేసుకుంటాడు. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ మాటే.

ప్రభుత్వ నిధులు పెద్ద చికిత్సలకూ ప్రైవేటు ఆసుపత్రులకూ మళ్ళడం వలన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు బలహీనపడతాయన్న విమర్శ ఈ పథకంపై మొదటి నుండీ ఉంది. ఆ వాదంలో బలముంది. దానికి ఎదురుగా, శస్త్రచికిత్స నేడు అవసరమైన రోగిని ప్రాథమిక వైద్యం బలపడేదాకా ఆగమనలేం అన్న సమాధానమూ ఉంది. ఈ రెండింటి మధ్య సముచితమైన నిర్ణయానికి రావాలన్నా ఎవరి పని ఏదో చెప్పే వాక్యాలు ముందు కావాలి.

7. పొరుగుసేవలు, గౌరవవేతనం

'ఔట్‌సోర్సింగ్'కు తెలుగు పత్రికలు కల్పించిన మాట 'పొరుగుసేవలు'. పదకల్పన దృష్టితో ఇది చక్కనిది. పలకడానికి సులువైనది, దేశ్యపదంతో కూడినది. అర్థదృష్టితో చూస్తే ఇందులో ఒక విషాదం ఉంది. ఆసుపత్రి వార్డును రోజూ శుభ్రం చేసే మనిషి, ల్యాబులో రక్తం తీసే మనిషి ఆ సంస్థకు 'పొరుగు'వారు. పని లోపలిదే, మనిషి మాత్రం బయటివాడు. జీతం గుత్తేదారు ద్వారా వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో దళారుల బెడదను తప్పించేందుకు ప్రభుత్వమే 'ఆప్కాస్' అనే సంస్థను 2020లో ప్రారంభించింది. అప్పుడు కూడా ఆ ఉద్యోగులు 'పొరుగుసేవల'వారుగానే మిగిలారు. ప్రభుత్వమే తన పొరుగింటిగా మారిన విచిత్ర స్థితి ఇది.

'గౌరవవేతనం' దీనికి జంట పదం. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ కార్యకర్తలు, 2019 తరువాత ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు వాలంటీర్లు ఈ మాట కిందికి వచ్చినవారు. వాలంటీర్లకు 'సేవామిత్ర', 'సేవారత్న', 'సేవావజ్ర' పురస్కారాలు ఇచ్చారు. 2021లో వారు వేతనం పెంచమని అడిగినప్పుడు, ఇది ఉద్యోగం కాదు, సేవ అన్న సమాధానం ప్రభుత్వం నుండి వచ్చింది. 2023 డిసెంబరు నుండి ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్తలు 42 రోజులు సమ్మె చేశారు. ఆ సమ్మె నడుమ, 2024 జనవరిలో ప్రభుత్వం అత్యవసర సేవల నిర్వహణ చట్టాన్ని ప్రయోగించింది. వేతనం దగ్గర గౌరవసేవ, సమ్మె దగ్గర అత్యవసర సేవ! 'సేవ' అన్న ఒకే మాట ఒకచోట హక్కును నిరాకరించడానికీ, మరొకచోట బాధ్యతను విధించడానికీ ఉపయోగపడింది. ఆ మాటకు ఉన్న పవిత్రతే ఈ రెండు పనులకూ ఆసరా అయింది.

8. ప్రైవేటు, భాగస్వామ్యం

తెలుగు ఇళ్ళలో 'ప్రైవేటు' అంటే మొదట ట్యూషనే. 'పిల్లవాడు ప్రైవేటుకి వెళ్ళాడు' అన్న వాక్యానికి నేటికీ మరో వివరణ అక్కరలేదు. బడి ఉండగానే దానికి అదనంగా కొనుక్కునేది ప్రైవేటు. ఆ సంబంధానికి సాహిత్యంలో పాత సాక్ష్యం 'కన్యాశుల్కం'. పరీక్ష తప్పిన వెంకటేశానికి సెలవులలో చదువు చెప్పే నెపంతో గిరీశం అగ్రహారం చేరతాడు. గురువుకు శిష్యుని చదువు మీద కన్నా తన అవసరం మీద ఎక్కువ శ్రద్ధ. చెల్లించే తండ్రికి చదువు నాణ్యతను కొలిచే సాధనం లేదు. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వినబడితే చాలు. సేవను కొనేవానికి దానిని పరీక్షించే శక్తి లేనప్పుడు ఏమవుతుందో గురజాడ హాస్యంగా చూపాడు. వైద్యంలో ఆ స్థితి హాస్యానికి అందనిది.

ఆ 'ప్రైవేటు' క్రమంగా 'కార్పొరేటు'గా ఎదిగింది. ఇప్పుడు దాని పక్కన 'భాగస్వామ్యం' చేరింది. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో కొత్త వైద్యకళాశాలలు పదింటిని ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యంలో నడపాలన్న నిర్ణయంపై జరిగిన వివాదం చాలావరకు పేరు మీదనే నడిచింది. ఒక పక్షం 'ప్రైవేటీకరణ' అన్నది. మరో పక్షం 'భాగస్వామ్యమే' అన్నది. రెండు మాటల మధ్య ఒప్పందపు షరతులు మరుగున పడ్డాయి.

ఈ సందర్భంలో వ్యవసాయ పరిభాష మనకు మంచి పాఠం చెబుతుంది. ఒకరి భూమిని మరొకరు సాగుచేసే పద్ధతులకు రైతు వేర్వేరు పేర్లు పెట్టుకున్నాడు. కౌలు వేరు, పాలు వేరు, పొత్తు వేరు. ముందే నిర్ణయించిన కౌలుకు ఇస్తే పంట పోయిన నష్టం కౌలుదారు మీద పడుతుంది. పాలుకు ఇస్తే పంటా నష్టమూ ఇద్దరూ పంచుకుంటారు. పొత్తు సేద్యంలో ఎద్దులు ఎవరివి, విత్తనం ఎవరిది అన్నది ముందే మాట్లాడుకుంటారు. 'భాగస్వామ్యం' అన్న ఒకే మాట ఈ తేడాలన్నింటినీ చెరిపివేస్తుంది. ఒక వైద్యకళాశాల ఒప్పందం కౌలా, పాలా, పొత్తా? భూమి ఎవరిది, రుసుములు నిర్ణయించేది ఎవరు, పేదరోగుల పడకలకు హామీ ఎవరిది, నష్టం వస్తే ఎవరు భరిస్తారు, గడువు తీరాక ఏమవుతుంది? అక్షరం రాని రైతు ఎకరం భూమి విషయంలో అడిగే ప్రశ్నలివి. వందల కోట్ల ఒప్పందం విషయంలో మన పరిభాష వాటిని అడగనివ్వడం లేదు.

9. ముగింపు

పై పరిశీలన వలన తేలిన అంశాలు ఇవి:

1. తెలుగులో ప్రజాసేవల పరిభాష ధర్మం, సేవ, లబ్ధి అనే మూడు భావాల చుట్టూ తిరిగింది. మూడింటిలోనూ ఇచ్చేవాని మంచితనమే ప్రధానం; అడిగేవాని అర్హత అప్రధానం.

2. 'ఉచితం', 'సర్వజన' వంటి పదాలలో హక్కుకు దగ్గరైన అర్థం ఇమిడి ఉన్నది. మొదటిది రాజకీయ వ్యవహారంలో అపకర్ష పొందింది. రెండవది బోర్డులకే పరిమితమైంది.

3. ప్రభుత్వం చెల్లించి ప్రైవేటు సంస్థ నిర్వహించే ఏర్పాట్లలో చెల్లింపు, నిర్వహణ, జవాబుదారీతనం విడిపోయాయి. 'మిత్ర', 'మన', 'పొరుగు', 'భాగస్వామ్యం' వంటి పదాలు ఈ విభజనను మృదువుగా కప్పివేస్తున్నాయి.

4. వైఫల్యాన్ని చెప్పే వాక్యాలలో అకర్మక క్రియల ప్రాబల్యం బాధ్యులను అదృశ్యం చేస్తున్నది.

2023లో రాజస్థాన్ ఆరోగ్యహక్కు చట్టం చేసి, 'హక్కు' అన్న మాటను వైద్యసేవకు చట్టంలోనే జోడించింది. చట్టం దానంతట అది వైద్యం చేయదు. అయినా అడిగేవానికి ఒక మాటను ఇస్తుంది. తెలుగు రాష్ట్రాలలో అటువంటి చట్టం వచ్చినా రాకున్నా, ఒక చిన్న పని వెంటనే సాధ్యం. ప్రభుత్వ సొమ్ముతో సేవలందించే ప్రతి చోటా, అది ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, గుమ్మం దగ్గర మూడు తెలుగు వాక్యాలు రాయాలి. ఈ సేవకు ఫలానావారు చెల్లిస్తున్నారు. ఫలానావారు చేస్తున్నారు. ఇన్ని రోజులలో అందకపోతే ఫలానా అధికారి జవాబు చెబుతారు. మూడింటిలోనూ కర్త ఉండాలి.

అధికారభాషా వ్యవహారంలోనూ, పాలనా పరిభాష రూపకల్పనలోనూ పాలుపంచుకునే తెలుగు శాఖలు ఈ వాక్యాల కోసం పట్టుబట్టవచ్చు. తరగతిలో కర్త, కర్మ, క్రియలను గుర్తించడం నేర్పుతున్నాం. ఆసుపత్రి బల్ల దగ్గర, మీసేవ కిటికీ దగ్గర కూడా మన విద్యార్థి ఆ కర్తను గుర్తించి నిలదీయగలిగితే, వాళ్ళ నాన్న 'మన అదృష్టం' అనుకుంటూ తిరిగిరానవసరం ఉండదు.